గోరువెచ్చని తొట్టి

సెప్టెంబర్ 18

స్టెయ్నార్ ఓడెక్కాడు. రేవులో నిలబడి చెయ్యి ఊపడం నాకు చేతకాదు. ఇంటికొచ్చి అతను తాగి వదిలేసిన కాఫీ కప్పు కడిగాను. ఇక నెల పైచిలుకు అతను సముద్రంలో చేపల వెంట, నేను జిమ్‌లో బాస్కెట్‌బాల్ వెంట. మూడేళ్ళుగా ఇదే మా కాపురం. కాపురమని ఎవరూ పేరు పెట్టలేదు, మేమూ పెట్టలేదు.

సాయంత్రం హవ్‌దీస్ వచ్చింది. మా కోచ్ మామూలుగా ఎవరింటికీ రాదు. పొద్దంతా బ్యాంకు కౌంటరులో కూర్చుంటుంది, సాయంత్రం మమ్మల్ని పరిగెత్తిస్తుంది, తర్వాత ఇంటికి పోయి పడుకుంటుంది. ఇవాళ చేతిలో ఒక పొట్లం. తమ్ముడు పట్టిన హాడక్ చేప. గుమ్మంలో బూట్లు విప్పి, వంటింట్లో నిలబడే ఒక్క మాట చెప్పింది.

"ఈసారి పైకి వెళ్దాం, షనెటా."

పై డివిజన్‌కి అని. పోయిన ఏప్రిల్‌లో ఆఖరి ఆట ఓడిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో, సెల్‌విక్‌లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చావు జరిగిన ఇంట్లో పోయినవాళ్ళ పేరు ఎత్తనట్టు.

వెళ్దాం అన్నాను. ముప్పై దాటాయి. నాకింకా ఎన్ని "ఈసారి"లు మిగిలాయో.

సెప్టెంబర్ 27

ప్రాక్టీసు. నిద్ర. ప్రాక్టీసు. నిద్ర. వయసు కాబోలు.

అక్టోబర్ 4

మొదటి ఆట గెలిచాం. రీబౌండ్లన్నీ, గురి తప్పి వెనక్కొచ్చే బంతులన్నీ, నావే. బంతి తగిలి రింగు ఎటు కంపిస్తుందో నాకు ముందే తెలిసిపోతున్నట్టుంది ఈ మధ్య.

ఆటకు ముందు జిమ్ వెనక గోడ చాటున వాంతి చేసుకున్నాను. గాలి చేపల ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తోంది. ఇది ఇక్కడ నాకు ఆరో ఏడు, ఆ వాసన ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు. పొద్దున ఎండుచేప మీద వెన్న ఎక్కువ రాసుకున్నాను. అదే అయి ఉంటుంది.

అక్టోబర్ 9

కొండ దాటి పక్క ఊరి మందుల దుకాణానికి వెళ్ళాను. మా ఊరి దుకాణంలో కూర్చునేది మా కెప్టెన్ అత్తగారు. పక్క ఊరి దుకాణంలో కూర్చున్నావిడ నన్ను చూడగానే, "శనివారం బాగా ఆడావు. మా అమ్మాయి నిన్ను ఆపలేక ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది" అంది. నేను కొన్నదాన్ని కాగితంలో చుట్టి, మరో మాట లేకుండా ఇచ్చింది.

రెండు గీతలు వచ్చాయి.

శనివారం మళ్ళీ ఆట. వాళ్ళ పొడుగాటి పిల్లది ఎడమ చెయ్యి వాటం. దాన్ని కుడివైపుకి తోలాలి.

అక్టోబర్ 11

కుడివైపుకి తోలాను. గెలిచాం.

అక్టోబర్ 12

వాన. రోజంతా మంచం మీదే.

నా దగ్గరున్న సరుకు ఈ ఒళ్ళొక్కటే. చదువు అంతంత మాత్రం. మాట అంతకన్నా తక్కువ. ఈ ఒంటిని అమ్ముకునే అలబామా నుంచి ఈ ఉత్తరపు మంచు దీవి దాకా వచ్చాను.

మా కాలేజీ చిన్నది. అమెరికాలో పెద్ద జట్లు కొత్తవాళ్ళను ఎంచుకునే రోజున అమ్మ ఇల్లంతా చుట్టాలతో నింపింది. చర్చి ఆడవాళ్ళు చేపలు వేయించుకొచ్చారు. టీవీలో ఒక్కో పేరూ చదివారు. నా పేరు చదవలేదు. వచ్చినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరే లేచి వెళ్ళారు, అమ్మ మాత్రం గిన్నెలు తోముతూ కూర్చుంది. వేసవి చివర్లో ఎవరో ఏజెంటు ఫోన్ చేసి, పోలండ్‌లో ఒక జట్టుకి రీబౌండ్లు పట్టే మనిషి కావాలట, వెళ్తావా అన్నాడు. పోలండ్ ఎక్కడుందో నాకు తెలీదు. చర్చిలో పిల్లల తరగతి గోడ మీద పటం ఉంటే అమ్మ వెళ్ళి వెతికింది. "ఇదిగో ఇక్కడుంది. చుట్టూ దేశాలే. చలేసినా తప్పిపోవులే" అంది.

అలా నేను జీతానికి ఆడే మనిషినయ్యాను. మొదటి రోజు ప్రాక్టీసులో కోచ్ గంటసేపు అరిచాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల, నిన్ను మెచ్చుకుంటున్నాడని చెప్పింది. తర్వాత రుమేనియా. అక్కడ నడిచలికాలంలో జట్టే మూతపడింది. తర్వాత ఇక్కడ. ఒక్క ఏడాదికని వచ్చాను.

అమ్మ కూడా ఆడేది. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ నాతో అంటారు, నువ్వు మీ అమ్మ ఆట చూడలేదు, చూస్తే బంతి ముట్టుకోవు అని. స్కూలు ఆఖరి ఏడు ఒక కాలేజీ కోచ్ ఇంటికే వచ్చి అడిగాడట. అంతలో నేను కడుపులో పడ్డాను. ఆ కోచ్ మళ్ళీ రాలేదు. అమ్మ ఈ సంగతి ఒక్కసారి కూడా నా ముందు అనలేదు. అనలేదు కాబట్టే చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

అమ్మకి ఇప్పుడే చెప్పను. ముందు స్టెయ్నార్‌కి చెప్పాలి.

అక్టోబర్ 19

స్టెయ్నార్ ఓడ నుంచి ఫోన్ చేశాడు. గాలి గోల. చేప బాగా పడుతోందన్నాడు. నువ్వెలా ఉన్నావంటే బాగున్నానన్నాను. వచ్చాక చెబుతాను. ఇలాంటిది గాలిలో అరిచి చెప్పేది కాదు.

అక్టోబర్ 24

ఈ ఊళ్ళో ఊసులన్నీ ఈతకొలను పక్కన వేడినీళ్ళ తొట్లలోనే. మూడు తొట్లు. అన్నిటికన్నా వేడిదాంట్లో స్టెయ్నార్ తల్లి గ్రోవా, ఆమె ఇద్దరు స్నేహితురాళ్ళూ గడ్డం దాకా మునిగి ఊరిని పాలిస్తుంటారు. నేనెప్పుడూ వాళ్ళతోనే కూర్చుంటాను, ఆటల మీద వాళ్ళ తీర్పులు వింటూ. కడుపుతో ఉన్నవాళ్ళు అంత వేడిలో దిగకూడదని, మొన్న చూపించుకున్నప్పుడు మంత్రసాని ఇచ్చిన కాగితంలో ఉంది. ఎవరూ చూడటం లేదనుకుని, చంటిపిల్లలనీ తల్లులనీ కూర్చోబెట్టే గోరువెచ్చని తొట్టిలోకి జారాను.

కాసేపటికి గ్రోవా లేచింది. స్నానం గుడ్డల్లోనే, మంచువానలో, ఏ తొందరా లేకుండా నడిచొచ్చి నా పక్కన కూర్చుంది. ఉత్తరపు గాలి గురించి చెప్పింది. గొర్రెలు కొండ దిగడం గురించి చెప్పింది. తర్వాత అంది:

"నీళ్ళు చల్లగా లేవూ?"

"బాగానే ఉన్నాయి."

"స్టెయ్నార్ అప్పుడు నేనూ ఇక్కడే కూర్చున్నాను. అప్పుడిది ఉత్త గొయ్యి, చుట్టూ రాళ్ళు."

నీళ్ళలో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నేనెవరికీ చెప్పను, అమ్మాయ్."

అంటూనే వేడి తొట్టి వైపు చూసింది. అక్కడ రెండు తలలు మావైపే తిరిగి, ఆవిరిలో రెండు కుండల్లా కదలకుండా ఉన్నాయి.

"చెప్పక్కర్లేదులే" అంది.

నవంబర్ 1

స్టెయ్నార్ వచ్చాడు. రేపు చెబుతాను.

నవంబర్ 2

రేపు.

నవంబర్ 3

చెప్పాను.

పొద్దున్నే కాఫీ దగ్గర, ఇక ఎటూ పోలేక, ఉన్నదున్నట్టు. అతను కప్పు కింద పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు, కిటికీలోంచి చూశాడు. లేచి కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కిటికీ దగ్గర నిలబడి చూశాను. మా గుమ్మం ముందు మంచు పార పట్టి ఎత్తాడు. అది అయ్యాక పక్కింటివాళ్ళది. తర్వాత ఎదురింటి ముసలాయనది. ఆయన తలుపు తీసి ఏదో అడిగితే తల ఊపి మళ్ళీ ఎత్తడం మొదలుపెట్టాడు. వీధి చివరి దాకా వెళ్ళాడు.

చెమటతో, కనుబొమల మీద మంచుతో తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడే అడిగాడు.

"నీ ఆట సంగతి ఏం చేద్దాం?"

అప్పటి దాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అతను తడి కోటుతోనే పట్టుకున్నాడు.

నవంబర్ 15

ఇది గెలిచిన ఆట, కానీ నా ఆట కాదు.

మంత్రసాని ఇంకొన్నాళ్ళు ఫరవాలేదంది. అందుకే ఆడాను. రెండో క్వార్టర్లో బంతి కోసం ఎగిరితే వాళ్ళ పిల్ల భుజం తగిలి వెల్లకిలా పడ్డాను. నాకేమీ కాలేదు. కానీ పడేటప్పుడు నా రెండు చేతులూ పొట్ట మీదికి పోయాయి. జిమ్ అంతా చూసింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే బంతి దొర్లిపోయిన చప్పుడు వినిపించింది.

హవ్‌దీస్ నన్ను బయటికి పిలిచి కూర్చోబెట్టింది. తన కోటు తీసి నా మోకాళ్ళ మీద వేసింది. ఆట అయ్యేదాకా నా వైపు చూడలేదు.

అందరూ వెళ్ళాక అడిగాను, నీకెప్పుడు తెలిసిందని.

"నువ్వు గోరువెచ్చని తొట్టిలో కూర్చున్న రోజే. బ్యాంకు మూసేలోపే."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నిన్ను ఆడించకూడదు. ఆడించకపోతే ఓడతాం." ఆమె ఈల తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నేను మంచిదాన్నని నీకెవరు చెప్పారు?"

మంత్రసాని చూసింది. అంతా బాగుంది. ఆడటం ఇక లేదు.

నాకేమీ దిగులు లేదు.

నవంబర్ 20

క్లబ్బు పెద్దల సమావేశం. కేతిల్ మాట్లాడాడు. ఫ్యాక్టరీలో మేస్త్రీ, క్లబ్బుకి అధ్యక్షుడు, చెడ్డవాడు కాదు. మాట్లాడినంతసేపూ తన చేతుల్నే చూసుకున్నాడు. జట్టుకి ఒక్క విదేశీ ఆటగత్తెనే పెట్టుకోనిస్తారు, పైకి వెళ్ళాలంటే ఆ ఒక్కతీ ఆడగలగాలి అన్నాడు. ఒప్పందం ముగించి, మర్యాదగా టిక్కెట్టు కొని పంపుదాం అన్నాడు. కొత్త సంవత్సరానికి కొత్త పిల్లను తెద్దామన్నాడు. హవ్‌దీస్ ఆ రోజు సమావేశంలో లేదు, చిన్నపిల్లల జట్టుకి ఆట నేర్పడానికి వెళ్ళింది.

స్టెయ్నార్ తన ఇంట్లోనే ఉండిపొమ్మన్నాడు. ఉండగలను. ఏమై ఉండను? స్టెయ్నార్ ఇంట్లో మనిషినై ఉండాలి.

నవంబర్ 23

అమ్మకి చెప్పాను. ఆదివారం, చర్చి నుంచి వచ్చి టోపీ తీస్తూ ఉంది. వెనక టీవీ మోగుతోంది. చెప్పగానే టీవీ ఆగింది.

"ఆ చేపలబ్బాయేనా?"

"అవునమ్మా."

"మంచివాడేనా?"

"మంచివాడే. మాట్లాడడు."

"మాట్లాడేవాళ్ళని నేను చూశాన్లే."

అక్కడితో ఆగాల్సింది. నేను ఆగలేదు. నేను పుట్టబట్టే నీ ఆట పోయింది, ఇప్పుడు నాదీ పోయింది, నీకు నా ముఖం ఎలా చూపించను అని ఏదేదో అన్నాను.

"ఎవరు చెప్పారు నీకు ఆ మాట?"

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు."

"నీకేం తెలీదు. నువ్వు పుట్టాక, ఒళ్ళు కాస్త కుదుటపడగానే జిమ్‌కి వెళ్ళాను. నిన్ను చంకనేసుకునే వెళ్ళాను. నా చోట్లో ఇంకో పిల్ల ఉంది. ఎలా ఉన్నావు, పాప బాగుంది అన్నారు. మళ్ళీ వస్తావా అని ఎవరూ అడగలేదు. అడగొచ్చని నాకూ తోచలేదు. నిన్ను తీసుకుని ఇంటికొచ్చేశాను." అమ్మ ఊపిరి పీల్చుకుంది. "నా ఆట నువ్వు తీసుకోలేదు, నెటా. నా చోటు ఎవరూ ఉంచలేదు, అంతే. వెళ్ళి అడుగు. నోరు తెరిచి అడుగు. కాదంటే అప్పుడు ఏడుద్దాం, ఇద్దరం కలిసి."

నవంబర్ 24

బ్యాంకుకి వెళ్ళాను. వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒకరు, వెనక ఇద్దరు. నా వంతు వచ్చింది.

"నా చోటు ఉంచుతావా?" అన్నాను.

హవ్‌దీస్ కళ్ళద్దాల మీంచి చూసింది. "ఏ చోటు?"

"జట్టులో. వచ్చే ఏటికి."

"నువ్వెక్కడికైనా వెళ్తున్నావా?"

"కేతిల్ టిక్కెట్టు కొంటానన్నాడు."

"కేతిల్‌ని చేపలు చూసుకోమను." ఆమె ఒక కాగితం మీద ముద్ర గట్టిగా కొట్టింది, అవసరమైనదానికన్నా గట్టిగా. "పిల్లల జట్లకి కోచ్ కావాలి. బెంచి మీద నా పక్కన ఒకరు కావాలి, నేను అరుస్తుంటే ఆట చూడటానికి. అది ఇప్పటికి. వచ్చే ఏడు నీ చోటు ఉంచుతాను. ఆట మాత్రం నేను ఉంచలేను, అది నువ్వే తెచ్చుకోవాలి."

వెనకనున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. తొందరపెడుతున్నాడనుకుని తిరిగి చూశాను. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

జనవరి 6

కొత్త పిల్ల వచ్చింది. జకియా. మెంఫిస్ నుంచి. కాలేజీ అయ్యి ఏడాది కాలేదు, ఇదే మొదటి కొలువు. క్లబ్బు నాకిచ్చి, నేను స్టెయ్నార్ ఇంటికి మారాక ఖాళీగా ఉన్న గదిలోనే దింపారు. పల్చటి జాకెట్టు వేసుకొచ్చింది. నా పాత కోటు ఇచ్చాను.

మంచి పిల్ల. నాకు ఆమె మీద ఏమీ లేదు.

జనవరి 17

జకియా మొదటి ఆట. ఓడాం. బంతి తన చేతిలోకి రాగానే కళ్ళు మూసుకుపోతాయి ఆమెకి, ఎటూ చూడదు. నేనైతే ఆ మూల నుంచి కెప్టెన్‌కి ఇచ్చేదాన్ని.

నాకు ఆమె మీద ఏమీ లేదు.

జనవరి 24

మళ్ళీ ఓడాం. బిడ్డ తన్నింది, మొదటిసారి, సరిగ్గా రిఫరీ ఈల వేసినప్పుడు. స్టెయ్నార్ సముద్రంలో ఉన్నాడు. పక్కనున్న హవ్‌దీస్ చెయ్యి లాగి పొట్ట మీద పెట్టాను. ఆమె అలాగే చెయ్యి ఉంచి, రెండో చేత్తో రిఫరీని తిట్టింది.

ఫిబ్రవరి 8

తుఫాను. కొండదారి మూసేశారు. మధ్యాహ్నం పెట్రోలు బంకు నుంచి ఫోన్ వచ్చింది, మీ పిల్ల ఇక్కడ పెట్టె పట్టుకుని కూర్చుంది, బస్సు కోసమట అని.

పొట్ట ముందూ నేను వెనకా నడుచుకుంటూ వెళ్ళాను. జకియా కిటికీ పక్కన కూర్చుని, చల్లారిపోయిన హాట్‌డాగ్ చేతిలో పట్టుకుని ఉంది.

"బస్సు రాదు" అన్నాను.

"రేపు?"

"రేపూ రాదు."

ఆమె తల దించుకుంది. అక్కా, నేనిక్కడ ఉండలేను అంది. నీ చోట్లో ఆడుతున్నానని అందరి కళ్ళల్లో కనిపిస్తుంది అంది. ఒక్కరూ నవ్వరు అంది.

"లోపల నవ్వుతారు. బయట గాలి ఎక్కువ."

ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ పంపిన మొక్కజొన్న పిండిలో హాడక్ ముక్కలు దొర్లించి వేయించాను. ఆ పిండితోనే మా వైపు జావ కాచాను, వెన్న వేసి. మొదటి ముద్దకే జకియా ఏడ్చింది, ఏడుస్తూనే మూడుసార్లు పెట్టించుకుంది. తిన్నాక బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, కప్పులూ పెట్టి ఆట చూపించాను. బంతి అందగానే కళ్ళు మూసుకోకు, ఉప్పు ఎక్కడుందో చూడు అన్నాను. ఉప్పు మా కెప్టెన్.

ఫిబ్రవరి 14

గెలిచాం. జకియా ఉప్పుని చూసింది.

నాకు ఆమె మీద ఏమీ లేదు.

మార్చి 21

గెలిచాం. ఇప్పుడు పరిగెత్తే కల వస్తోంది నాకు. ఊరికే, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి. అంతే కల.

ఏప్రిల్ 11

పై డివిజన్‌కి వెళ్ళాం. ఊరంతా కోర్టు మీదికి దూకింది. కేతిల్ ఏడ్చాడు. గ్రోవా రిఫరీకి ముద్దు పెట్టింది.

నేను లేకుండా గెలిచారు.

ఏప్రిల్ 12

నిన్న రాయనిది రాస్తాను.

అందరూ గెంతుతుంటే నేను గెంతలేను. ఈ పొట్టతో పక్కకు నిలబడి చప్పట్లు కొట్టాను. ఎవరో వచ్చి నన్ను కావలించుకున్నారు, జాగ్రత్తగా, పింగాణీ గిన్నెను పట్టుకున్నట్టు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి. చివరికి గుడ్డలు ఉతికే గదిలోకి వెళ్ళి తడి తువ్వాళ్ళు మడత పెట్టడం మొదలుపెట్టాను. తడి తువ్వాళ్ళు ఎవరూ మడత పెట్టరు.

జకియా వెతుక్కుంటూ వచ్చింది. మెడలో పూలదండలాంటిదేదో వేశారు ఆమెకి. నేల మీద కూర్చుంది, వాషింగ్ మెషీన్‌కి ఆనుకుని.

"ఆఖర్న నువ్వు చెప్పిందే ఆడాను అక్కా. ఉప్పు అటు, మిరియాలు ఇటు."

"చూశాను."

ఇంకో తువ్వాలు మడిచాను. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"నాకు నీ మీద కోపంగా ఉంది."

"తెలుసు" అంది. "జనవరి నుంచి తెలుసు."

"మరి నా దగ్గరికెందుకు వస్తూ వచ్చావు?"

జకియా కాసేపు ఆలోచించింది, నిజంగానే.

"చేప బాగా వేయిస్తావు."

నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. లేవలేక నేనూ కిందే కూర్చుండిపోయాను. తర్వాత హవ్‌దీస్ వచ్చి, చెరో చెయ్యీ పట్టి ఇద్దరినీ లేపింది, నన్ను లేపడానికి రెండుసార్లు ప్రయత్నించి.

ఈ పుస్తకంలో జనవరి నుంచి నేను రాసిన "ఏమీ లేదు" అన్న ముక్క కొట్టెయ్యాలనిపించింది. కొట్టెయ్యలేదు. అప్పుడు అలా రాసుకోకపోతే నిలబడలేకపోయేదాన్ని.

మే 30

పాప.

ఇక్కడ మంత్రసానిని వెలుగుతల్లి అంటారు. ఇన్నేళ్ళూ ఉత్త మాటనుకున్నాను. స్టెయ్నార్ ఈసారి ఓడెక్కలేదు. పాపని చేతుల్లోకి తీసుకుని, ఇంతవరకూ నేనెప్పుడూ విననంత మాట్లాడాడు, అదంతా పాపతో. నాకు సగమే వినిపించింది.

పొడుగు వేళ్ళు.

జూన్ 22

అమ్మ వచ్చింది. దేశం దాటడం ఆమెకి ఇదే మొదలు. విమానం దిగగానే, "చీకటెప్పుడు పడుతుంది?" అంది. ఇక్కడ వేసవిలో రాత్రుళ్ళూ వెలుగే, ఆగస్టులో అన్నాను.

గ్రోవాకి అమ్మ మాట రాదు, అమ్మకి గ్రోవా మాట రాదు. రోజంతా పోట్లాడుకుంటారు. గ్రోవా పాపని ఉన్ని బట్టల్లో చుట్టి, బండిలో పెట్టి, ఇంటి బయట గాలిలో నిద్రపుచ్చుతుంది. ఇక్కడ పిల్లలంతా అలాగే పడుకుంటారు. అమ్మ వెళ్ళి బండి లోపలికి లాక్కొస్తుంది. గ్రోవా మళ్ళీ బయటికి తోస్తుంది. "నా మనవరాలేమైనా పాలసీసానా, బయట పెట్టడానికి?" అని అమ్మ నన్నడుగుతుంది. ఆమె ఏమందని గ్రోవా అడుగుతుంది. పాప చాలా అందంగా ఉందంటోంది అని చెబుతాను. ఇవాళ చూస్తే ఇద్దరూ బయటే, బండికి చెరోవైపు కుర్చీలు వేసుకుని, ఒకే దుప్పటి కాళ్ళ మీద కప్పుకుని కునుకుతున్నారు. పాప మేలుకునే ఉంది.

జూలై 9

జిమ్‌కి వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది, పాప బండి తోసుకుంటూ.

ఎగరలేను. నేల నన్ను పట్టుకుని వదలడం లేదు. పది అడుగులు పరిగెత్తితే ఒళ్ళు ఎవరిదోలా ఉంది. బంతి వేస్తే రింగు కూడా తగల్లేదు. అమ్మ బంతి తెచ్చి ఇచ్చింది. మళ్ళీ వేశాను. మళ్ళీ తెచ్చి ఇచ్చింది. అలా ఎంతసేపో. చివరికి కోపమొచ్చి వెళ్ళి బెంచి మీద కూర్చున్నాను, పాపకి పాలిచ్చాను.

అమ్మ చేతిలో బంతి మిగిలిపోయింది. దాన్ని తిప్పి చూసింది, పుచ్చకాయ ఎంచుతున్నట్టు. చర్చికి వేసుకునే బూట్లతో, చొక్కా చేతులు పైకి మడుచుకుని, గీత దగ్గరికి వెళ్ళి నిలబడింది. మోకాళ్ళు కొంచెం వంచింది. చెయ్యి పైకి లేచి, మణికట్టు అలా మెత్తగా వాలింది.

వల చప్పుడొక్కటే వినిపించింది.

బంతి దానంతటదే దొర్లుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పడింది. నా వైపు తిరగలేదు. నేనూ పిలవలేదు. మా ఊరి ముసలివాళ్ళు చెప్పింది నిజమే.

ఆగస్టు 3

అమ్మ వెళ్ళింది. గ్రోవా విమానాశ్రయం దాకా వచ్చింది. ఇద్దరూ ఏం చెప్పుకున్నారో తెలీదు, చాలాసేపు చెప్పుకున్నారు.

సెప్టెంబర్ 10

జకియాకి హంగరీలో పెద్ద జట్టు దొరికింది. నన్ను అడిగింది, నువ్వు తిరిగొస్తున్నావు కాబట్టి వెళ్ళాలా, లేక ఆ జట్టు మంచిదని వెళ్ళాలా అని. మంచిది కాబట్టి వెళ్ళు అన్నాను. ఇది నిజం. కొలను దగ్గర ముసలమ్మలంతా ఆమెకి వీడ్కోలు చెప్పారు, వేడి తొట్టిలోంచి లేవకుండానే. ఫోన్‌లో ఇప్పుడు నన్ను ఉప్పూ అని పిలుస్తుంది.

సెప్టెంబర్ 16

పరిగెత్తాను. పాలు కారి చొక్కా తడిసింది. మార్చుకుని మళ్ళీ పరిగెత్తాను.

సెప్టెంబర్ 29

ఇవాళ ఎగిరాను. ఎక్కువేం కాదు. ఒక పుస్తకం మందం.

అక్టోబర్ 10

పై డివిజన్‌లో మొదటి ఆట, మా జిమ్‌లోనే.

హవ్‌దీస్ నన్ను మొదట కూర్చోబెట్టింది. ఆట నువ్వే తెచ్చుకోవాలంది కదా, సగమే తెచ్చుకున్నాను, సగమే ఆడించింది. న్యాయమే. దిగినప్పుడు జనం లేచి నిలబడ్డారు. ఇక్కడివాళ్ళు కేకలెయ్యరు, ఊరికే లేచి నిలబడతారు. నా మొదటి బంతి రింగు తగిలి బయటికి పోయింది. రెండోదీ పోయింది. పోయినదాన్ని నేనే ఎగిరి పట్టుకుని, ఇద్దరు పిల్లల మధ్యలోంచి మళ్ళీ వేశాను. పడింది. అది అందంగా పడలేదు, నా వయసుకి తగ్గట్టు పడింది.

విరామంలో పాప ఏడుపు గోడ అవతల నుంచే వినిపించింది. గ్రోవా మేం బట్టలు మార్చుకునే గదిలోకి తెచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. చెమట ఒంటితోనే పాలిచ్చాను. జట్టంతా చుట్టూ కూర్చుని ఉంది. హవ్‌దీస్ బోర్డు మీద గీతలు గీస్తూ, వాళ్ళ పొడుగాటి పిల్లని ఎలా ఆపాలో చెబుతూనే ఉంది, గొంతు మాత్రం బాగా తగ్గించి. పిల్లలు కూడా గుసగుసగానే జవాబులిచ్చారు. ఓడిపోతున్న జట్టు అంత నెమ్మదిగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

రిఫరీ తలుపు తట్టి, టైమైందన్నాడు. తల లోపలికి పెట్టాడు, చూశాడు. "ఇంకో నిమిషం" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

పాప సగంలోనే నిద్రపోయింది. గ్రోవాకి ఇద్దామంటే, ఆమె అప్పటికే మెట్ల మీద నిలబడి అవతలి కోచ్‌తో ఏదో తేల్చుకుంటోంది. హవ్‌దీస్ చేతులు చాచింది.

"ఇటివ్వు. నువ్వు దిగు."

రెండో సగమంతా ఆమె పాపని భుజాన వేసుకునే నడిచింది, గీత పొడవునా అటూ ఇటూ. ఒక్క కేక కూడా వెయ్యలేదు. చేత్తో చూపించింది, పెదాలు కదిపింది, మాకు అంతా అర్థమైంది.

ఓడిపోయాం, కొంచెంలో. ఆఖరి ఈల మోగినా పాప లేవలేదు. హవ్‌దీస్ నా చేతుల్లో పెడుతూ, "రీబౌండ్‌కి ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తున్నావు" అంది.

"తెలుసు."

"సోమవారం చూద్దాం" అని, తన భుజం మీద పాప చొంగ తడి చూసుకుంది. తుడుచుకోకుండానే కోటు వేసుకుంది.